ఐదు మిల్లీమీటర్ల వైరు

భీమిలి,
9 జనవరి 2023

ఏరా పాండురంగం,

బతికే ఉన్నానురా. దసరాకు నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నందుకు ముందు నాలుగు తిట్లు తిట్టుకో, తర్వాత చదువు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ముప్పై ఏళ్ళు నేవీ ఇంజన్ రూముల్లో పాడైన చెవులివి. నువ్వు వరంగల్ నుంచి అరిచినా, మా గేటు ముందు నిలబడి అరిచినా నాకు ఒకటే. సెల్లులో టైపు కొట్టడం నీకు రాదు, నాకు చిరాకు. కాబట్టి మనకు ఈ కాగితాలే గతి.

సంగతేమిటంటే, పడవ కొన్నాను. నవ్వకు. ఇరవై నాలుగు అడుగుల తెరచాప పడవ, పాతది. ఒక రిటైర్డ్ కెప్టెన్ షెడ్డులో పదేళ్ళుగా ఎండుతుంటే మా మానస కంటపడింది. బిడ్డకు ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. పెళ్ళి మాట ఎత్తితే లేచి పక్కగదిలోకి పోతుంది, పడవ మాట ఎత్తితే అన్నం మరిచి వింటూ కూర్చుంటుంది. ప్రతి ఆదివారం ఇద్దరం కలిసి గీకి, చిల్లులు పూడ్చి, రంగులేశాం. మమ్మల్నిద్దరినీ పిచ్చాసుపత్రిలో వేయాలని రాజేశ్వరి అంటోంది. పేరు 'ధర్మసాగర్' అని పెట్టాను. "సముద్రంలో తిరిగే పడవకు చెరువు పేరేంది నాన్నా?" అని మానస ఒకటే నవ్వు. మా ఊరి పేరు, నా ఇష్టం అన్నాను.

ఇప్పుడు నీతో పని. పడవ మధ్యలో ముప్పై అడుగుల అల్యూమినియం స్తంభం ఉంటుంది, తెరచాప దానికే కడతారు. ఆ స్తంభం తనంతట తాను నిలబడదు. ముందుకొకటి, వెనక్కొకటి, పక్కలకు రెండేసి, మొత్తం ఆరు స్టీలు వైర్లు దాన్ని లాగి పట్టుకుంటాయి. షామియానా గుంజకు తాళ్ళు కట్టినట్టే అనుకో. గాలి ఎంత కొట్టినా భారమంతా ఆ వైర్ల మీదే. పాతవి ముట్టుకుంటే తీగలు ఊడి చేతికి గుచ్చుకుంటున్నాయి, అన్నీ మార్చాలి. ఇక్కడా దొరుకుతుంది. కానీ ముప్పై అయిదేళ్ళుగా స్టేషన్ రోడ్డులో వైరు తాళ్ళు అమ్మే నువ్వుండగా ఇంకొకడిని అడగడమేమిటని నా పంతం. ఏ రకం, ఎంత లావు? నీ బుర్రకు తోచింది రాయి.

నీ
సారంగపాణి


వరంగల్,
18 జనవరి 2023

ఒరేయ్ సారంగం,

నీ ఉత్తరం సుభాషిణికి చదివి వినిపించాను. "ముసల్తనంల గీ పడవల షోకేంది సారంగన్నకు? ఈత యాదికున్నదో లేదో జర అడుగు" అన్నది. నాకైతే యాదికుంది. తొమ్మిదో తరగతిలో బడి ఎగ్గొట్టి మీ చెరువుకు పోతే, నన్ను లోతులోకి తోసి, మళ్ళీ నువ్వే జుట్టు పట్టి బయటికి లాగావు. ఆ దెబ్బతో నేను ఇప్పటికీ బకెట్టు నీళ్ళకు మించి దిగలేదు.

వైరు గురించి అడిగావు కదా, విను. నా దగ్గరికి వచ్చేది బోరు మోటార్లు దించేవాళ్ళు, చెయిన్ పుల్లీల వాళ్ళు, లిఫ్టుల వాళ్ళు. వాళ్ళకు నేనిచ్చేది మెత్తటి వైరు. ఏడు పురులు, ఒక్కో పురిలో పందొమ్మిది సన్నటి తీగలు. చేతికి చుట్టుకుంటే చుట్టుకుంటుంది, ముడి వేస్తే పడుతుంది. నీకూ అదే మంచిది. లావు మా బజారు లెక్కలో మూడు సూత్, మీ లెక్కలో తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ఏనుగును కట్టినా తెగదు. మూడు సూత్ వేసి నిమ్మళంగా పడుకో.

ఇంకా ఏమైనా డౌటుంటే మానసను ఫోన్ చేయమను. మొన్న కొత్త సంవత్సరానికి చేసింది. "పెద్దబాపూ, దుకాణం ఒక్కరోజు మూస్తే వరంగల్ మునిగిపోతదా?" అని నన్నే దబాయించింది. నీ బిడ్డకు నీ నోరు వచ్చింది, చెవులు మాత్రం వాళ్ళమ్మవి వచ్చాయి, అదృష్టం.

పాండురంగం


భీమిలి,
2 ఫిబ్రవరి 2023

అరేయ్ పాండూ,

ఏనుగును కట్టడానికి కాదురా నేను అడిగింది! నీ మెత్తటి వైరు పుల్లీల మీద తిరగడానికి బాగుంటుంది. కానీ భారం పడితే సాగుతుంది. స్తంభాన్ని పట్టుకునే వైరు సాగకూడదు. ఇటుపక్క సాగితే స్తంభం అటుపక్కకు ఊగుతుంది, ఊగడం మొదలైతే ఎక్కడో ఒకచోట విరుగుతుంది. నాకు కావాల్సింది పందొమ్మిది లావు తీగలను ఒకే పురిగా పేనిన వైరు. వంచితే కడ్డీలా ఎదురు తిరుగుతుంది. నీ బోరు మోటార్ల వాళ్ళు దాన్ని చూస్తే విసిరి కొడతారు.

ఇక లావు. ఎంత లావైతే అంత మంచిదని నువ్వంటావు, మా ఇంట్లో ఆడవాళ్ళూ అదే అంటారు. కానీ ఆ బరువంతా గాల్లో, ముప్పై అడుగుల ఎత్తు వరకు ఉంటుంది. పైన బరువు పెరిగితే పడవ పక్కకు వాలినప్పుడు లేవడానికి బద్ధకిస్తుంది. గాలి ఎంత తోస్తే పడవ ఎంత వాలుతుందో, అప్పుడు ఒక్కో వైరు మీద ఎంత పడుతుందో వారం రోజులు కూర్చుని లెక్క కట్టాను. ఎంత చెడ్డ గాలికైనా ఏడు వందల కిలోలు దాటదు. ఐదు మిల్లీమీటర్ల వైరు పందొమ్మిది వందల కిలోల దాకా ఆగుతుంది. అంటే రెండున్నర రెట్ల పైమాటే. ఆరు మిల్లీమీటర్లదైతే రెండువేల ఏడు వందలు. మానస ఆరే వేద్దామంటోంది. "నాన్నా, ఒక్క మిల్లీమీటరే గదా, ఫికర్ లేకుండ పోతది" అంటుంది. లెక్క తెలిసినవాడిని నేనా, నువ్వా అని కసిరాను. ఐదే ఖాయం.

లోహం సంగతి మాత్రం జాగ్రత్త. స్టెయిన్‌లెస్ స్టీలులో మూడొందల పదహారు నంబరు ఉండాలి. ఉప్పుగాలికి తట్టుకునేది అదొక్కటే. మిగతావి చూడటానికి అలాగే మెరుస్తాయి, లోపల్లోపల తుప్పు తినేస్తుంది. వైరుతోపాటు మిల్లు వాళ్ళు ఇచ్చే పరీక్ష కాగితం పంపు. అది లేకుండా నేను పైకెక్కించను.

సారంగం


వరంగల్,
6 మార్చి 2023

సారంగం,

నీ వైరు దొరికింది. హైదరాబాదులో ఒక సేఠ్ దగ్గర తెప్పించి, అరవై ఐదు మీటర్లు కోసి, చుట్ట కట్టి, గోనె చుట్టి లారీ పార్సెల్‌లో వేశాను. ఐదు మిల్లీమీటర్లు, ఒకే పురి, పందొమ్మిది తీగలు. కోసేటప్పుడు మా రాకేష్ చేతికి ఎగిరి తగిలింది. "గిది వైరా బాపూ, గునపమా?" అన్నాడు.

నువ్వడిగిన కాగితం గోనె లోపల ప్లాస్టిక్ కవరులో పెట్టాను. సీలు, నంబర్లు అన్నీ ఉన్నాయి. నాకు కాగితాల మీద పెద్ద నమ్మకం లేదని నీకు తెలుసు. నా పద్ధతిలో నేను పరీక్ష పెట్టి, పాసైందే నీకు పంపాను. ఆ పద్ధతేమిటో చెబితే నీ నేవీ చదువుతో నన్ను ఎగతాళి చేస్తావు. చెప్పను పో.

వైరు ఖరీదు అని ఏదో రాయబోతావు. రాశావంటే ఉత్తరం చించేస్తాను. మానసకు పెద్దబాపు ఇచ్చింది అనుకోండి.

పాండురంగం


భీమిలి,
23 ఏప్రిల్ 2023

పాండూ,

నిలబడిందిరా! ఈ పొద్దున పది మంది పట్టుకుని స్తంభాన్ని లేపాం. ఆరు వైర్లూ బిగించేసరికి మధ్యాహ్నం అయింది. మానసే బిగించింది. ఒక్కో బిగింపు మరను తిప్పడం, వెనక్కి నడిచి స్తంభాన్ని చూడటం, మళ్ళీ తిప్పడం. నన్ను ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం గంటసేపు నీళ్ళ మీదికి పోయొచ్చాం. రాజేశ్వరి ఒడ్డున నిలబడి దణ్ణాలు పెడుతూనే ఉంది. నా అరవై రెండేళ్ళలో ఇంత సంతోషం ఎప్పుడు పడ్డానో నాకు గుర్తు లేదు.

కింద మానస రాస్తుందట.

"పెద్దబాపూ, ఎండలు తగ్గినంక మీరూ పెద్దమ్మా రావాలె. నీళ్ళంటే భయమని నాన్న చెప్పిండు, అందుకే మీ సైజు లైఫ్ జాకెట్ ఇప్పుడే కొని పెట్టిన, ఇగ తప్పించుకోలేరు. మీ వైరును వేలితో మీటితే భలే మోగుతది. నాన్నకు వినపడదు గదా, చెయ్యి ఆనిచ్చి చూస్తున్నడు. మానస."

సారంగం


భీమిలి,
19 సెప్టెంబర్ 2023

పాండూ,

వానలకు రెండు నెలలు పడవ కదల్లేదు. మొన్న కడిగి చూస్తే పక్క వైర్ల కింది కొసల్లో, బిగింపులోకి దూరేచోట, టీ కారినట్టు గోధుమరంగు మరకలున్నాయి. తుడిస్తే పోయాయి, నాలుగు రోజులకు మళ్ళీ వచ్చాయి. మంచి స్టీలుకు కూడా సముద్రం దగ్గర కాస్త మరక పట్టడం మామూలే. నీ కాగితం తీసి మళ్ళీ చూసుకున్నాను, మూడొందల పదహారే. అయినా నీ చెవిన వేద్దామని రాస్తున్నాను. ఈ మాల్ ఇంకెవరికైనా ఇచ్చావా? వాళ్ళేమైనా అన్నారా?

వాతావరణం బాగుంది. కార్తీకం నుంచి ప్రతి ఆదివారం పోవాలని మానస ప్లాను. నువ్వెప్పుడు వస్తావు?

సారంగం


వరంగల్,
5 అక్టోబర్ 2023

సారంగం,

ఉత్తరం అందింది. ఇక్కడ అంతా బాగే. బతుకమ్మ ముందు గిరాకీ మొదలైంది, దుకాణంలో ఊపిరాడటం లేదు.

మరకలు తుడుస్తూ ఉండు. ఇంకోమాట. ఆ వైర్లు తీసేసి కొత్తవి వేసుకుంటే బాగుంటుందేమో. ఈసారి ఆరు మిల్లీమీటర్లవే వేసుకో, మానస కూడా అదే కదా అన్నది. నేను వేరే చోట నుంచి తెప్పిస్తాను, ఒక నెల పట్టొచ్చు. అప్పటిదాకా పడవ తీయకపోతే మాత్రం ఏం పోయింది? నీ వయసుకు తొందరేముంది?

ఒంట్లో అంత బాగుండటం లేదు. ఎక్కువ రాయలేను.

పాండురంగం


భీమిలి,
14 అక్టోబర్ 2023

పాండూ,

నీకేమైందిరా? ఒంట్లో బాగా లేదంటావు, ఏమిటో రాయవు. బీపీ చూపించుకున్నావా?

వైర్లు మార్చడమేమిటి? వేసి ఆరు నెలలు. పదేళ్ళు పనిచేయాల్సిన సరుకది. మిల్లు కాగితం నా దగ్గరుంది, లెక్క నా దగ్గరుంది. నువ్వు చెప్పింది చదివి వినిపిస్తే "చూసినవా, పెద్దబాపు గూడ ఆరే అంటుండు" అని మానస నన్ను ఏడిపించింది. మీరిద్దరూ కలిసి ఆ ఒక్క మిల్లీమీటరు మీద నాతో జీవితాంతం పోట్లాడేలా ఉన్నారు.

వైరులో ఏదైనా లోపం ఉందని నీకు తెలిస్తే ఉన్నదున్నట్టు రాయి, రేపే దించేస్తాను. ఊరికే భయానికైతే వద్దు. నువ్వు భయస్తుడివని నాకు తెలుసు కదా. వారం పది రోజులు నీ జవాబు కోసం చూస్తాను. రాకపోతే ఏమీ లేదనే అర్థం.

సారంగం


భీమిలి,
9 డిసెంబర్ 2023

పాండురంగం,

రాజేశ్వరి ఆ రోజే సుభాషిణికి ఫోన్లో చెప్పింది. సుభాషిణి వచ్చింది, రాకేష్ తీసుకొచ్చాడు. నీకు జ్వరమన్నారు. పదకొండో రోజుకైనా వస్తావని గేటు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఎట్లా జరిగిందో నీకు నేనే చెప్పాలి. నవంబర్ ఇరవై ఆరు, ఆదివారం. పెద్ద గాలి కూడా లేదు. మానస చుక్కాని పట్టుకుంది, నేను ముందు కూర్చున్నాను. ఒడ్డుకు వస్తున్నాం. గాలి కొట్టే పక్క, ఎడమ వైపు వైరు కింది కొస దగ్గర తెగింది. స్తంభం మొత్తం ఒక్కసారి వచ్చి బిడ్డ తల మీద పడింది. తెగే ముందు చప్పుడు వచ్చే ఉంటుంది, తీగలు ఒకటొకటి తెగుతూ టిక్ టిక్ మని ఉంటాయి. మానస తెరచాప వైపు చూస్తోంది. నేను ఆ వైరుకు మూరెడు దూరంలో ఉన్నాను. నాకు వినబడలేదు.

స్తంభం నీళ్ళలో వేలాడుతూ పడవను కొడుతుంటే మిగతా వైర్లన్నీ కోసి వదిలేశాను, తెగిన వైరుతో సహా స్తంభం మునిగిపోయింది. బిడ్డను ఒళ్ళో వేసుకుని, పడవకున్న చిన్న మోటారు మీద ఒడ్డుకు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. దవాఖానలో చూసి, అప్పటికే లేదన్నారు.

ఆరు వేద్దామన్నది బిడ్డ. నువ్వూ ఆరే అన్నావు. ఐదన్నది నేనొక్కడినే.

సారంగపాణి


వరంగల్,
20 డిసెంబర్ 2023

సారంగం,

జ్వరం మాట నిజం కాదు. రావడానికి నాకు మొహం చెల్లలేదు. బిడ్డను అట్లా చూడలేననుకున్నాను. నన్ను క్షమించు.

నీ మీద నువ్వు వేసుకోకు. అది విధి అనుకో. ఏదైనా జరగడానికి ఒకటే కారణం ఉండదు. నువ్వు తిన్నావా లేదా, అది మాత్రం రాయి.

పాండురంగం


భీమిలి,
28 జనవరి 2024

పాండూ,

విధి అనుకోలేను. విధికి మిల్లీమీటర్లు ఉండవు.

రాజేశ్వరి వెళ్ళిపోయింది. హనమకొండలో వాళ్ళ తమ్ముడు రాంప్రసాద్ ఇంట్లో ఉంది. పోయేటప్పుడు ఒక్క మాటే అన్నది. "ఒక్క మిల్లీమీటరు తగ్గిచ్చి నా బిడ్డను తిన్నవు." నాకు వినబడలేదు, కాగితం మీద రాసివ్వమన్నాను. రాసిచ్చింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

పోలీసులు వచ్చినప్పుడు నేనే రాసిచ్చాను, వైరు సైజు ఎంచుకున్నది నేను, మా అమ్మాయి వద్దంటున్నా వినలేదు అని. పాపం ఆ ఎస్సై "పెద్దాయనా, ఇట్లా రాయాల్సిన పని లేదు" అన్నాడట, పక్కింటాయన చెప్పాడు. సంతకం పెట్టాను.

రోజూ లెక్క మళ్ళీ వేస్తున్నాను. గాలి వేగం పెంచి వేస్తాను, అల పెంచి వేస్తాను. ఎంత పెంచినా వెయ్యి కిలోలు దాటడం లేదు. ఐదు తెగకూడదు. మరి తెగింది కదా. అంటే ఎక్కడో తప్పు చేశాను, ఆ తప్పేమిటో నాకు దొరకడం లేదు. నోటు పుస్తకాలు రెండు నిండాయి. ముప్పై ఏళ్ళు యంత్రాల మధ్య బతికినవాడిని, నా బిడ్డను చంపిన అంకె ఏదో కనుక్కోలేకపోతున్నాను.

బతకాలని లేదురా. దాచకుండా రాస్తున్నాను, నీకు కాకపోతే ఎవరికి రాస్తాను? పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు గేటు దగ్గర కూర్చుంటాను. ఆ గంట ఒక్కటే గడుస్తుంది. రెండు ముక్కలైనా రాస్తూ ఉండు.

సారంగం


వరంగల్,
17 మార్చి 2024

సారంగపాణీ,

నీ లెక్కలో తప్పు లేదు. నోటు పుస్తకాలు మూసెయ్. తప్పు నాది.

మొదటి నుంచి చెప్తాను. నీకోసం హైదరాబాద్ సేఠ్ రెండు చుట్టలు పంపాడు, నచ్చింది ఉంచుకుని రెండోది వాపస్ పంపమన్నాడు. మొదటి దానికి మిల్లు కాగితం ఉంది, రెండోదానికి లేదు. నా పరీక్ష ఏమిటంటే అయస్కాంతం. మా బజారులో అందరం అదే చేస్తాం. అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే అసలు స్టెయిన్‌లెస్. మొదటి చుట్టకు అయస్కాంతం కొద్దిగా పట్టింది. రెండోదానికి అసలు పట్టలేదు. కాగితం పెట్టి కూడా మోసం చేస్తున్నాడని మొదటిది తిప్పి పంపేశాను. కానీ నువ్వు కాగితం కావాలన్నావు. అందుకని మొదటి చుట్ట కాగితం తీసి ఉంచుకుని, రెండో చుట్టతో పెట్టి నీకు పంపాను. సరుకు అసలుదే కదా, కాగితం దేనిదైతే ఏముంది అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సెప్టెంబర్ చివర్లో, నీ మరకల ఉత్తరం వచ్చిన వారానికి, మడికొండలో కొత్త ఇళ్ళకు స్టీలు రెయిలింగులు వేసే వినయ్ అనే పిలగాడు వచ్చాడు. నీ చుట్టలో మిగిలిన ముక్క చూపించాను. జేబులోంచి చిన్న సీసా తీసి ఒక చుక్క వేసి, బ్యాటరీ ఆనించాడు. పది సెకన్లలో ఎర్రబడింది. "కాకా, గిది తక్కువ రకం మాలు. సముద్రం కాడ గాదు, నల్లా కాడ గూడ ఆగది" అన్నాడు. అయస్కాంతం పట్టలేదు కదా అన్నాను. నవ్వాడు. "గట్టిగ లాగిన వైరు మంచిదైనా జర పడ్తది కాకా. గీ మాలు అస్సలు పట్టది. అయస్కాంతమేం జెప్తది?"

నేను మంచిదాన్ని తిప్పి పంపి, చెడ్డదాన్ని నీకు పంపాను.

ఆ మధ్యాహ్నమే నీకు ఉత్తరం రాశాను, ఉన్నదున్నట్టు. రాసి, కవరు అంటించి, గల్లా పెట్టెలో పెట్టాను. పోస్టు డబ్బా దుకాణానికి ఎదురుగానే ఉంది. వారం రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను. ముప్పై అయిదేళ్ళుగా ఈ బజారులో పాండురంగం సరుకంటే సరుకే అన్నారు. దొంగ కాగితం పెట్టానని నీకు ఎట్లా చెప్పను? చివరికి ఆ కవరు పక్కన పెట్టి, నువ్వు చదివిన ఆ అడ్డదిడ్డపు ఉత్తరం రాశాను. ఎట్లాగైనా వైర్లు మార్పిస్తే చాలు, కారణం చెప్పక్కర్లేదనుకున్నాను.

లోపం ఉంటే రేపే దించేస్తానని నువ్వు జవాబు రాశావు. ఆ రోజు మానస నంబరు తీశాను. నా సెల్లులో ఉంది, నీకు తెలుసు. నొక్కితే ఒక్క నిమిషం పని. "బిడ్డా, ఆ వైరు మంచిది గాదు, పడవ తియ్యకుండ్రి" అంటే అయిపోయేది. గిరాకీ వచ్చింది, పక్కన పెట్టాను. మర్నాడు అనుకున్నాను. సేఠ్ కొత్త వైరు పంపాక దాంతోపాటు చెబుదామనుకున్నాను. నలభై రోజులు, సారంగం. నలభై రోజులు రోజూ ఆ నంబరు చూశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. పోయిన నెల రాజేశ్వరమ్మ మా దుకాణం ముందు నుంచి నడిచి పోయింది. నన్ను చూసి ఆగింది. "అన్నా, మీరు గూడ ఆరే అన్నరట గదా" అన్నది. అవునమ్మా అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకుని పోయింది.

ఆనాడు పోస్టు చేయని ఉత్తరం కూడా ఇందులో పెట్టాను. తేదీ చూసుకో. పోలీసులకు చెబుతావో, బజారులో నిలబెడతావో నీ ఇష్టం. దుకాణం మూసేశాను. సుభాషిణికి నిన్ననే చెప్పాను. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు.

నువ్వు మాత్రం బతకాలిరా. తప్పు నీది కాదు.

పాండురంగం


భీమిలి,
11 ఏప్రిల్ 2024

పాండురంగం,

నీ ఉత్తరం, అందులోని పాత ఉత్తరం రెండూ చదివాను. పాతదాని మీద తేదీ సెప్టెంబర్ ఇరవై ఎనిమిది. బిడ్డ పోయింది నవంబర్ ఇరవై ఆరున. ఆ మధ్య రోజులు లెక్కపెట్టాను, ఇక వేరే లెక్కలేవీ వేయడం లేదు.

అయితే ఐదు సరిపోయేదే. ఈ మాట తెలిస్తే నా ప్రాణం లేచి వస్తుందని నువ్వనుకుని ఉంటావు. నేనూ అనుకున్నాను. రాలేదు. బిడ్డ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అయస్కాంతానికి నిన్ను క్షమించాను. నేనూ ఆ దుకాణంలో కూర్చుని ఉంటే అదే చేసేవాడినేమో. కాగితం మార్చినందుకు కూడా ఏదో ఒకరోజు క్షమిస్తానేమో. ఆ నలభై రోజులకు మాత్రం నా దగ్గర ఏమీ లేదు. అడగకు.

రాజేశ్వరికి నేను చెప్పడం లేదు. నువ్వూ చెప్పకు. ఇప్పుడామె నన్నొక్కడినే తిట్టుకుంటోంది, ఆ కోపంతో ఎట్లాగో లేచి తిరుగుతోంది. ఒక్క ఫోన్‌తో బిడ్డ బతికేదని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేదు. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆమె గుమ్మం ఎక్కావంటే నీ అంతు చూస్తాను. నేను తగ్గించిన ఆ మిల్లీమీటరే బిడ్డను చంపిందని ఆమెను అనుకోనీ. ఆమె రాసిచ్చిన కాగితం నా జేబులోనే ఉంటుంది. పోలీసులకు పెట్టిన సంతకం కూడా వెనక్కి తీసుకోను.

ఇకమీదట రాయకు. వస్తే పోస్ట్‌మ్యాన్‌కే తిరిగి ఇచ్చేస్తాను. ఇప్పుడు ఆ వేళకు నేను గేటు దగ్గర కూర్చోవడం లేదు, తలుపు వేసుకుని లోపలే ఉంటున్నాను. తప్పు నాదని నమ్మినన్నాళ్ళు ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు నువ్వున్నావురా. తప్పు నీదని చెప్పి, ఆ ఒక్కడినీ నాకు లేకుండా చేశావు.

సారంగపాణి